అభావమునకు సున్న విలువ

సీ భాషలో వ్రాయబడిన యే పెద్ద ప్రోగ్రామును విప్పి చూచినను, అందు రెండు భాషలు ఒకదానితో నొకటి పెనవైచుకొని యుండుట కానవచ్చును. మొదటిది సీ భాషయే. అది తుదకు యంత్రము నెరవేర్చు పనిగా మాఱును. రెండవది పంక్తి మొదట # గుర్తుతో నారంభమగు చిన్న భాష. దీనికి యంత్రముతో నేరుగా సంబంధము లేదు, ఇది ప్రోగ్రాము యొక్క పాఠమును గూర్చియే మాటలాడును. ఈ పేరు కనబడిన చోట నా సంఖ్యను వ్రాయుము, ఆ ఫైలును తెచ్చి యిచట చేర్చుము, ఈ షరతు నెరవేరిన యెడల నీ పంక్తుల నుంచుము, నెరవేరనియెడల త్రోసివేయుము అనునట్టివి దీని యాజ్ఞలు. ఇందు కడపటి యాజ్ఞకే కండిషనల్ కంపైలేషన్ అని పేరు. మన యింజనీరింగు కళాశాలలలో సీ నేర్చు విద్యార్థి తొలిపాఠమునందే #ఇన్‌క్లూడ్ అను పంక్తిని వ్రాయును గాని, #ఇఫ్ అను పంక్తి యే విలువలను జూచి, ఏ న్యాయమును బట్టి తీర్పు చెప్పునో తీరికగా విచారించు నవకాశము వానికి తఱచుగా లభింపదు. అయినను వాని చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనును నడపు లైనక్స్ కెర్నల్, అట్టి తీర్పులు వేలకొలది జరిగిన పిమ్మటనే యొక రూపము దాల్చి యా యంత్రమున ప్రవేశించినది.

సీ జన్మించిన నాడు దానికి ఈ రెండవ భాష లేదు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, మరే హిల్ అను చోటనున్న బెల్ ప్రయోగశాలలయందు డెనిస్ రిచీ సీ భాషను తీర్చిదిద్దుచున్న కాలమున, 1972-73 ప్రాంతమందు, అలన్ స్నైడర్ ప్రోద్బలమువలనను, ఒక ఫైలులో వేఱొక ఫైలును చేర్చు సదుపాయము బీసీపీఎల్, పీఎల్/వన్ భాషలలో నెంత యుపయోగపడుచున్నదో యప్పటికే తెలిసి యుండుటవలనను, ప్రీప్రాసెసర్ అనబడు నీ ముందుదశ యేర్పడెను. అప్పటికి దానికి తెలిసిన పనులు రెండే: ఫైళ్లను చేర్చుట, పేరునకు బదులు పాఠమును నిలుపుట (అట్టి పేరునకే మాక్రో యని సంజ్ఞ). ప్రోగ్రాము మొట్టమొదట నొక ప్రత్యేకపు గుర్తు లేనియెడల దానిని పిలుచుటయే లేదు. అది భాషకు అంగముగాక, కోరినవారికి మాత్రమే లభించు అనుబంధముగా నెంచబడెను. పిమ్మట మైక్ లెస్క్, ఆయన వెనుక జాన్ రైజర్ దానిని విస్తరించి, ఆర్గ్యుమెంట్లు గ్రహించు మాక్రోలను, షరతులను బట్టి పాఠమును గ్రహించు లేక విసర్జించు శక్తిని దానికి చేకూర్చిరి.

ఈ శక్తి వలసిన కాలము వెనువెంటనే వచ్చెను. పీడీపీ-11 అను యంత్రముపై పెరిగిన యునిక్స్ వ్యవస్థను 1977లో ఇంటర్‌డేటా 8/32 అను వేఱొక జాతి యంత్రమునకు తరలింపబూనినప్పుడు, పూర్ణాంకము 16 బిట్లదను నమ్మికయు, బైట్లు ఫలాని క్రమమున నుండుననెడి నమ్మికయు ప్రోగ్రాములో నెచ్చటెచ్చట దాగియున్నవో వెలికి రాజొచ్చినవి. ఒకే మూలపాఠము భిన్నయంత్రములకు సరిపడవలెనన్నచో, యంత్రమును బట్టి మాఱు భాగములకు మూలపాఠమునందే యొక యేర్పాటుండవలెను. ఆ యేర్పాటులలో #ఇఫ్ ఒకటి. 1989లో అమెరికా ప్రమాణసంస్థ ఆమోదించిన సీ ప్రమాణము ప్రీప్రాసెసర్‌ను అనుబంధపు స్థితినుండి తొలగించి భాషయొక్క నిర్వచనములోనే చేర్చుకొనినది.

ఆ ప్రమాణము మూలపాఠము యంత్రరూపము దాల్చు మార్గమును ఎనిమిది దశలుగా విభజించినది. # పంక్తులు నాలుగవ దశలో నెరవేరును. వ్యాకరణము, రకములు, అర్థము అనునవి యేడవ దశలోగాని రంగమునకు రావు. ఈ పౌర్వాపర్యమును మనసున బట్టించుకొనినవానికి ప్రీప్రాసెసర్ యొక్క స్వభావము సగము బోధపడినట్లే. నాలుగవ దశలో నున్నవానికి ఏడవ దశలో పుట్టబోవు విషయములు తెలియవు. ఒక రకమునకు ఎన్ని బైట్లు పట్టునో చెప్పు సైజాఫ్‌ను #ఇఫ్ పంక్తిలో వాడరాదు, ఏలయన రకము లప్పటికింకను లేవు. ఈనమ్ ద్వారా ప్రకటించిన స్థిరాంకములు తెలియవు. రెండు వాక్యఖండములను ఉల్లేఖనచిహ్నముల మధ్య నుంచి, ఇవి సమానమా యని యడుగుట కుదరదు. మిగిలినవి పూర్ణాంకములు, ఒంటి యక్షరపు స్థిరాంకములు, కూడిక మొదలగు గణితక్రియలు, పోలికలు, తార్కిక సంధానములు, మఱియు ఫలాని పేరు మాక్రోగా నిర్వచింపబడినదా యని యడుగు డిఫైన్డ్ అను ప్రశ్న. ఈ కొద్దిపాటి సామగ్రితో నది తీర్పు చెప్పవలెను.

త్రోసివేయబడిన భాగముపై దాని యుపేక్ష సంపూర్ణము. అందు ఎన్ని #ఇఫ్‌లు తెఱచుకొన్నవి, ఎన్ని #ఎండిఫ్‌లతో మూతపడినవి యని లెక్కించుటకు వలసినంత మాత్రమే యది చదువును; వ్యాకరణము తప్పినను, లేని ఫంక్షన్‌ను పిలిచినను దానికి పట్టదు. సామాన్యమైన ఇఫ్ వాక్యమునకును #ఇఫ్‌కును గల భేద మిచటనే యున్నది. మొదటిదాని రెండు శాఖలను కంపైలర్ పరీక్షించును; రెండవదానిలో నోడిన శాఖ కంపైలర్ కంటబడనే పడదు. ఇందొక రక్షణయు కలదు. 2014 ఏప్రిల్ 7వ తేదీన హార్ట్‌బ్లీడ్ అను పేర ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ గ్రంథాలయములోని లోపము వెల్లడియైనప్పుడు, కొత్త సంచికకు వెంటనే మాఱలేనివారికి చెప్పబడిన యుపాయము, హార్ట్‌బీట్లు వలదను నర్థముగల యొక మాక్రోను కంపైలర్ ఆజ్ఞలో చేర్చి మరల కంపైలు చేసికొనుట. లోపమున్న భాగ మంతయు నట్టి షరతు నడుమ నుండుటచే, ఒక్క పేరు చేర్చిన మాత్రమున నది తుదిరూపములో లేకుండ పోయెను. లేని దానిని ఎట్టి దాడిపరుడును తాకలేడు.

ఇక విలువల మాటకు వత్తము. ఒక మాక్రోను గూర్చి రెండు ప్రశ్నలు వేయవచ్చును: అది యున్నదా, దాని విలువ యెంత. #ఇఫ్‌డెఫ్ మొదటి ప్రశ్న, #ఇఫ్ రెండవ ప్రశ్న. ఈ రెంటిని కలిపివేయుటవలన కలుగు చిక్కులు మిక్కుటము. డీబగ్ అను మాక్రోకు సున్న విలువ నిచ్చి, దానిని నిలిపివేసితినని తలచినవాని ప్రోగ్రాములో #ఇఫ్‌డెఫ్ డీబగ్ అను పంక్తి యున్నచో, ఆ భాగము నిలిచిపోదు. విలువ యేదైనను పేరున్నది గదా! అదే పేరును ఏ విలువయు నీయక #డిఫైన్ అని వ్రాసి #ఇఫ్ ద్వారా నడిగినచో, లెక్కింపదగినది యేమియు లేదని కంపైలర్ దోషము చూపును. కంపైలర్ ఆజ్ఞలో -డీ గుర్తు వెంట పేరు మాత్రమే చెప్పినచో దానికి 1 విలువగా లభించును. ఒకే పేరు ఫైలులో వ్రాసినప్పుడు శూన్యపాఠమును, ఆజ్ఞలో చెప్పినప్పుడు ఒకటియు నగుట క్రొత్తవారిని తికమక పెట్టుట సహజము. ఇవి యన్నియు నొకనాటి శ్రద్ధతో నేర్చుకొని దాటదగిన చిక్కులే.

వీనికన్న లోతైనది వేఱొకటి కలదు. #ఇఫ్ పంక్తిలోని మాక్రోలను వాని విలువలచే పూరించి, డిఫైన్డ్ అను ప్రశ్నలకు ఉత్తరములు నిలిపిన పిమ్మట, ఇంకను ఏ పేరైన మిగిలియున్నచో దానిని సున్నగా గ్రహింపవలెనని సీ ప్రమాణము విధించుచున్నది. ఎవరును నిర్వచింపని పేరునకు, పొరపాటున నక్షరము తప్పి వ్రాసిన పేరునకు, ఈనమ్‌లో ప్రకటింపబడినను ప్రీప్రాసెసర్‌కు తెలియని పేరునకు, అన్నిటికిని ఒకటే విలువ. దోషము లేదు, హెచ్చరిక లేదు. ట్రూ అను పదమునకు సైతము ఈ గతి తప్పలేదు: డీబగ్‌కు ట్రూ అను విలువ నిచ్చి, ఆ పేరును మాక్రోగా నిర్వచించు హెడర్ ఫైలును చేర్చుట మఱచి #ఇఫ్ ద్వారా నడిగినవానికి సీ భాష చిరకాలము సున్న యనియే యుత్తర మిచ్చినది, సీ23 ప్రమాణమునగాని దానికి 1 విలువ స్థిరపడలేదు.

ఈ నియమమును కేవలము నిందించుట న్యాయము గాదు. అది యుపకరించు స్థలము లున్నవి, అవి యెట్టివో గుర్తింపవలెను. తాను పాటించు సీ ప్రమాణము ఏనాటిదో తెలుపుటకు కంపైలర్ __ఎస్‌టీడీసీ_వెర్షన్__ అను మాక్రోను తానే నిర్వచించును. దాని విలువ సంవత్సరమును నెలయు చేర్చి వ్రాసిన సంఖ్య: 199901, 201112, 201710, 202311. సంవత్సరము ముందు, నెల వెనుక నుండుటచే తరువాతి ప్రమాణమునకు పెద్ద సంఖ్య తప్పక వచ్చును. కావున ఈ విలువ 199901కి తక్కువగాదు గదా యని #ఇఫ్ ద్వారా నడిగినచో, 1999 నాటి ప్రమాణమును, ఆ తరువాతివానిని పాటించు కంపైలర్లన్నియు ఔననును. 1989 నాటి ప్రమాణమును మాత్రమే యెఱిగిన ప్రాచీన కంపైలర్‌కు ఆ పేరే తెలియదు; తెలియని పేరు సున్నయగును; సున్న యన్ని సంవత్సరములకన్న చిన్నది; కావున నది కాదనును. ఆ యుత్తరము సత్యము. అభావము సున్నగా గ్రహింపబడుట యిచట నూటికి నూఱుపాళ్లు ఉచితము, ఏలయన ప్రశ్న "ఇంతకు తక్కువగాదా" యను రూపమున నున్నది, లేనిది యెల్లప్పుడును తక్కువయే.

ప్రశ్న "ఇదియు నదియు నొకటేనా" యను రూపము దాల్చిన క్షణముననే యీ నియమము విషమించును. ఒకడు వేగము, నిదానము అను రెండు పేర్లను ఈనమ్‌లో 1, 2 విలువలతో ప్రకటించి, పద్ధతి యను మాక్రోకు నిదానము అను విలువ నిచ్చి, #ఇఫ్ పద్ధతి == వేగము అని వ్రాసెననుకొందము. ఈనమ్ ప్రీప్రాసెసర్‌కు తెలియదు. పద్ధతి నిదానముగా మాఱును, నిదానము సున్నయగును, వేగమును సున్నయగును, సున్నకు సున్న సమానము. నిదానమును కోరినవానికి వేగపు పాఠము ప్రాప్తించును. ఊరిలో లేని యిద్దరి పేర్లు చెప్పి పిలిచి, రెండు మాఱులును ఎవరును పలుకకపోవుటచే, ఆ యిద్దరును ఒక్కరే యని తీర్మానించుట వంటిదీ తీర్పు.

ఇది కల్పిత దృష్టాంతమని కొట్టివేయుటకు వీలులేదు. బైట్ల క్రమమును గూర్చిన ప్రశ్నలో నిది నిత్యమును పొంచియున్నది. ఒక పెద్ద సంఖ్యను స్మృతిలో నుంచునప్పుడు చిన్న విలువగల బైట్‌ను ముందు నిలుపు యంత్రములును, పెద్ద విలువగల బైట్‌ను ముందు నిలుపు యంత్రములును కలవు. జీసీసీ కంపైలర్ దీనిని తెలుపుటకు __బైట్_ఆర్డర్__ అను మాక్రోను, పోల్చిచూచుటకు మఱి మూడు పేర్లను నిర్వచించును. వాని విలువలు 1234, 4321, 3412. ఈ మూడవది సీ భాష యెదిగిన పీడీపీ-11 యంత్రముపై 32 బిట్ల సంఖ్య నిలిచిన విచిత్ర క్రమమునకు గుర్తు. జీసీసీని నమ్మి యొకడు, __బైట్_ఆర్డర్__ పెద్దబైట్ ముందుండు క్రమమునకు సమానమా యని #ఇఫ్ పంక్తి వ్రాయును. ఆ ప్రోగ్రాము కొంతకాలమునకు మైక్రోసాఫ్ట్ వారి కంపైలర్ చేతికి పోవును; అది యీ పేర్లను నిర్వచింపదు. రెండు పేర్లును సున్నలగును, సమానమని తేలును, చిన్నబైట్ ముందుంచు ఇంటెల్ యంత్రమును ప్రోగ్రాము తద్విరుద్ధమైన దానినిగా భావించును. నెట్‌వర్కుపై పంపునప్పుడు బైట్లను తాఱుమాఱు చేయవలసిన పని చేయక మానును. అప్పుడు 80 అని పంపిన 16 బిట్ల సంఖ్యను ఆవలివాడు 20,480గా చదువుకొనును. ఎక్కడను దోషసూచన లేదు. మూలపాఠమును పదిమంది చదివినను ఆ పంక్తిలో తప్పు కనబడదు, ఎందుకనగా ఆ పంక్తి సవ్యముగనే యున్నది; లేనిది దాని వెనుకనుండవలసిన విలువ.

మన తార్కికులు అభావమును విడిచిపెట్టక యొక పదార్థముగనే గణించిరి. ఆంధ్రుడని ప్రసిద్ధి గన్న అన్నంభట్టు తన తర్కసంగ్రహమున ద్రవ్యగుణకర్మాదులగు నాఱింటితోబాటు అభావమును సప్తమ పదార్థముగ నిలిపి, దానికి ప్రాగభావము, ప్రధ్వంసాభావము, అత్యంతాభావము, అన్యోన్యాభావము అని నాలుగు భేదములు చెప్పెను. ప్రీప్రాసెసర్‌ను జూచునపుడు నాకు ఈ విభాగము తప్పక స్మరణకు వచ్చును. #డిఫైన్ పంక్తికి ముందు మాక్రోకు గల లేమి ప్రాగభావము. #అన్‌డెఫ్ పిదపటి లేమి ప్రధ్వంసాభావము. అక్షరము తప్పి వ్రాయుటచే ఏనాడును నిర్వచింపబడని పేరు యొక్క లేమి అత్యంతాభావము. మూడింటికిని మూడు కారణములు, మూడు చికిత్సలు. ప్రీప్రాసెసర్ ఈ మూడింటిని ఒక్క సున్నలో ముంచివైచి, భావపదార్థమైన సున్నతో సైతము కలిపివేయును; నాలుగవ భేదమును, అనగా ఇది యది కాదు అను జ్ఞానమును, పైన చూచినట్లు పూర్తిగా పోగొట్టుకొనును.

దీనికి ప్రతిక్రియ లేకపోలేదు. పోలికకు ముందు డిఫైన్డ్ అని యడిగి, పేరు లేనిచో #ఎర్రర్ పంక్తి ద్వారా కంపైలేషన్‌ను అచటనే నిలిపివేయవచ్చును. జీసీసీలో -డబ్ల్యుఅన్‌డెఫ్ అను నైచ్ఛికమును కోరినచో, సున్నగా మాఱిన ప్రతి పేరును గూర్చియు హెచ్చరిక వచ్చును. అయితే హెచ్చరికలన్నియు కావలెనన్నట్లు ధ్వనించు -వాల్ అను నాజ్ఞలో నిది చేరియుండదని తెలియనివారు పలువురు. నాకు మిక్కిలి నచ్చిన యుపాయము వేఱు. డీబగ్ అను మాక్రోను ఉత్త పేరుగాక, వెనుక ఖాళీ కుండలీకరణములు గలదిగా నిర్వచించి, ఎల్లప్పుడును దానికి 1 గాని 0 గాని విలువ నిచ్చి, అడుగునప్పుడును కుండలీకరణములతోనే యడుగవలెను. పేరు తప్పు పడినచో నది సున్నయే యగును గాని, సున్న వెనుక కుండలీకరణము మిగిలిపోవును. సున్నను ఫంక్షన్‌వలె పిలుచుట గణితమున కుదరదు. ప్రీప్రాసెసర్ తప్పక దోషము చూపును. నియమమును మార్చకయే, ఆ నియమము మౌనముగ పనిచేయలేని స్థితిని కల్పించుట యిది.

షరతు లొకటి రెండున్నప్పుడు ఈ జాగ్రత్తలు చాలును. అవి పెరిగినకొలది సమస్య వేఱు రూపము దాల్చును. ఒకదానితో నొకటి సంబంధము లేని పది మాక్రోలు ఉన్నను లేకున్నను చెల్లునవైనచో, ఒక్క మూలపాఠమునుండి 1,024 ప్రోగ్రాములు పుట్టును, ఇరువదియైనచో 10,48,576, ముప్పదిమూడైనచో 858 కోట్లకు మించును, అనగా భూమిపైనున్న ప్రతి మనుష్యునికిని వేఱువేఱు ప్రోగ్రాము పంచినను ఇంకను మిగులును. లైనక్స్ కెర్నల్‌లో నట్టి ఎంపికలు పదివేలకు పైబడినవి. వానిలో నెన్ని కూర్పులను ఎవరైనను ఒక్కమాఱైనను కంపైలు చేసి చూచియుందురు? ఏ కూర్పులోను ఎంపికగాని పాఠము చుట్టుపక్కల జరుగు మార్పుల నెఱుగక పడియుండి, ఒకనాడు పిలువబడినప్పుడు కంపైలు గాక నిలిచిపోవును. 1992లో హెన్రీ స్పెన్సర్, జెఫ్ కోలియర్ అనువారు సీ న్యూస్ అను ప్రోగ్రాముతో తమకు గల యనుభవమును యూసెనిక్స్ సభకు నివేదించుచు #ఇఫ్‌డెఫ్ హానికరమని శీర్షికయందే ప్రకటించిరి. యంత్రభేదములను ప్రోగ్రాము నడుమ షరతులుగా చల్లక, ఒక్క మధ్యస్థమైన యింటర్‌ఫేస్ వెనుక దాచి, యంత్రమున కొక ఫైలుగ విడదీయవలెనని వారి వాదము. ఆ వాదము నాడెంత యుచితమో నేడు నంతే.

లైనక్స్ కెర్నల్ రచయితలు ఆ వాదమును గౌరవించుచునే వేఱొక సూక్ష్మోపాయమును సాధించిరి. షరతును #ఇఫ్‌కు అప్పగింపక, సామాన్యపు ఇఫ్ వాక్యమునకు అప్పగించినచో, కంపైలర్ రెండు శాఖలను పరీక్షించి, ఎన్నడును నడవని దానిని తుదిరూపమునుండి తానే తొలగించును. పరీక్షయు దక్కును, భారమును తగ్గును. కాని చిక్కేమనగా, ఎంపికైన మాక్రోకు 1 విలువ యుండును, ఎంపికగానిది నిర్వచింపబడనే పడదు; సామాన్యపు సీ వాక్యములో నిర్వచింపని పేరు సున్నగా మాఱదు, దోషమగును. ఉన్నచో ఒకటిని, లేనిచో సున్నను ఇచ్చు మాక్రో యొకటి కావలెను. మాక్రో లోపల #ఇఫ్ వ్రాయుట సీ భాషలో నిషిద్ధము. ఈజ్_ఎనేబుల్డ్ అను వారి మాక్రో దీనిని సాధించిన తీరు వినదగినది. అడిగిన పేరు యొక్క విలువను ఒక నిర్ణీతమైన ఉపసర్గమునకు అతికించుదురు. విలువ 1 యైనచో, ఆ యతుకువలన పుట్టిన పేరు ముందే నిర్వచింపబడిన మాక్రో; అది సున్నగను, దాని వెంట నొక కామాగను విస్తరించును. పేరు నిర్వచింపబడనిచో, అతుకువలన పుట్టునది యర్థములేని యొక చెత్తపేరు, అందు కామా లేదు. పిమ్మట దీని వెనుక 1 యని, కామా యని, 0 యని వ్రాసి, అంతయు నొక మాక్రోకు ఆర్గ్యుమెంట్లుగ నిచ్చి రెండవదానిని మాత్రము గ్రహింపుమందురు. కామా పుట్టియున్నచో సున్న మొదటి స్థానమును, 1 రెండవ స్థానమును పొందును. పుట్టనిచో చెత్తపేరును ఆ వెనుకనున్న 1 యును కలిసి మొదటి స్థానమున నిరికి, రెండవ స్థానము 0కు దక్కును. ఒక్క కామా యుండుట, లేకుండుటల చేత, ఉనికి విలువగ మాఱినది!

దీనికిని హద్దు కలదు. రెండు శాఖలును కంపైలర్ పరీక్షకు నిలువవలెను గావున, ఎంపిక లేనప్పుడు ఒక స్ట్రక్చర్‌లోని సభ్యము పుట్టనే పుట్టనిచో, దానిని ప్రస్తావించు శాఖ పరీక్షలో నిలువదు. అట్టి చోట #ఇఫ్‌డెఫ్ తప్పదు. కెర్నల్ వారి రచనానియమములు ఈ మాటను స్పష్టముగనే యంగీకరించి, షరతులను వీలైనంతవఱకు హెడర్ ఫైళ్లలో నుంచి, ఎంపిక లేనప్పుడు ఏ పనియు చేయని ఫంక్షన్‌లను అచటనే సమకూర్చవలెననియు, తప్పని చోట షరతుతో మూసిన భాగము కొన్ని పంక్తులకు మించినచో, #ఎండిఫ్ ప్రక్కనే యది యే షరతునకు ముగింపో వ్యాఖ్యగ వ్రాయవలెననియు విధించుచున్నవి.